కాగితం అడిగిన చెయ్యి

మన కాగితాలు – 9



కిందటి భాగంలో కుల ధ్రువీకరణ పత్రం గురించి రాశాను. ఈసారి రాస్తున్నది మా ఇంటి సంగతి. చాలాసార్లు మొదలుపెట్టి ఆపేశాను. రాయమని బాబాయే అన్నాడు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. మిల్లు పేరు, కాంట్రాక్టరు పేరు రాయను. ఆ పేర్లు తీసేసి మీ ఊరి పేర్లు పెట్టుకున్నా కథలో పెద్దగా ఏమీ మారదు.

2022 జూన్. మా బాబాయి గుంటూరుకి ఇవతల ఒక స్పిన్నింగ్ మిల్లులో కాంట్రాక్టు కూలీ. రాత్రి షిఫ్టులో కార్డింగ్ మిషన్‌కి దూది చుట్టుకుపోతే తీయబోయాడు. మిషన్ ఆపి తీయాలని అందరికీ తెలుసు. ఆపితే ప్రొడక్షన్ పోయిందని తిట్టేవాళ్ళు ఉంటారని కూడా అందరికీ తెలుసు. కుడిచేతికి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి.

ఆ రాత్రి ఆయన్ని ఈఎస్‌ఐ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. తెలిసిన డాక్టరున్న చిన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చీటీలో 'ఇంట్లో గాయం' అని రాయించారు. మూడోరోజు కాంట్రాక్టరు వచ్చి పదివేలు చేతిలో పెట్టి, ఒక తెల్లకాగితం మీద ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. బాబాయికి సంతకం చేయడం వచ్చు. ఏడో తరగతి దాకా చదివాడు. కానీ సంతకం చేసే చెయ్యి కట్టులో ఉంది.

ఆ తెల్లకాగితంలో తర్వాత ఏం రాసుకున్నారో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆగస్టులో బాబాయిని వెంటబెట్టుకుని మిల్లు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి నాకు కుర్చీ చూపించాడు. బాబాయికి చూపించలేదు. నేనూ కూర్చోలేదు.

"ఏం కావాలమ్మా?"

"నాలుగు కాగితాలు కావాలి సార్. మా బాబాయి ఈఎస్‌ఐ నంబరు. పనిలో చేరిన తేదీ చూపించే కాగితం. జీతం లెక్క. ప్రమాదం గురించి ఈఎస్‌ఐకి మీరు పంపిన రిపోర్టు కాపీ."

"ఈయన మా రోల్స్‌లో లేడమ్మా. కాంట్రాక్టర్ని అడగండి."

కాంట్రాక్టర్ని అడిగితే, "కాగితాలన్నీ మిల్లులోనే ఇచ్చేశామండీ, అక్కడే అడగండి" అన్నాడు. అక్కడికీ ఇక్కడికీ నాలుగుసార్లు తిరిగాం. మా తాత చెప్పులు కుట్టేవాడు. చెప్పులు కుట్టిన ఇంట్లోవాళ్ళ చెప్పులే అరగదీశారు.

నాలుగోసారి ఆ పెద్దమనిషి విసుక్కున్నాడు. "మీరేం చేస్తుంటారమ్మా?" డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తానన్నాను. నవ్వాడు. "పద్యాలు చెప్పుకునేవాళ్ళకి ఈ లెక్కలెందుకు చెప్పండి? పదివేలు ఇచ్చాం కదా. మానవత్వంతో ఇచ్చాం."

మానవత్వం అనే మాట నేను క్లాసులో వందలసార్లు వాడి ఉంటాను. ఆ రోజు వినేసరికి ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పడానికి ముందు చిన్న లెక్క చూపిస్తాను. పద్యాలు చెప్పేవాళ్ళకి కూడా ఈ లెక్క వచ్చు.

బాబాయికి నెలకి సుమారు 12 వేలు. నెలకి 21 వేల లోపు జీతం ఉన్నవాళ్ళకి, పదిమంది అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట, ఈఎస్‌ఐ వర్తిస్తుంది. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే బాబాయి జీతంలోంచి 90 రూపాయలు, యజమాని జేబులోంచి 390 రూపాయలు. పనిలో దెబ్బ తగిలి పనికి వెళ్ళలేని రోజులకి రోజు వేతనంలో 90 శాతం ఇస్తారు. అంగవైకల్యం శాశ్వతమైతే, మెడికల్ బోర్డు చూసి సంపాదన శక్తి ఎంత పోయిందో శాతంలో చెప్తుంది. ఆ శాతం ప్రకారం బతికున్నంత కాలం నెలనెలా డబ్బు వస్తుంది. ఒక చేతికి మూడు వేళ్ళు పోతే చట్టం పట్టికలో 30 శాతం అని రాసి ఉంది.

ఇప్పుడు లెక్క కట్టండి. రోజుకి 400. అందులో 90 శాతం 360. అందులో 30 శాతం 108. నెలకి సుమారు 3,240 రూపాయలు. ఇరవై ఏళ్ళకి 7,77,600. మధ్యలో పెరిగేది వేరు.

పదివేలిచ్చి మానవత్వం అన్నారు. ఏడు లక్షల డెబ్భై వేలకి తాళంచెవి లాంటి నాలుగు కాగితాలు మాత్రం బీరువాలో పెట్టుకున్నారు. కాగితం ఇవ్వకపోవడాన్ని మనం ఆఫీసువాళ్ళ బద్ధకం అనుకుంటాం, నిర్లక్ష్యం అనుకుంటాం. కాదు మిత్రులారా. కాగితం దాచడం అంటే డబ్బు దాచడమే. దయ చూపించినట్టు కనిపిస్తూ హక్కుని ఎగ్గొట్టే పద్ధతి ఇది.

తెలుగు విద్యార్థులకి ఒక మాట. మీరంతా నందంపూడి శాసనం గురించి చదివే ఉంటారు. ఆదికవి నన్నయ రాసిన శాసనమని, అందులో పద్యాలున్నాయని పరీక్షల్లో రాస్తారు. నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ అది అసలు ఏమిటి? రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకి ఒక ఊరిని అగ్రహారంగా ఇస్తూ రాయించిన ఆస్తి కాగితం. చినిగిపోకుండా రాగిరేకు మీద రాయించారు. వెయ్యేళ్ళు కావస్తున్నా ఎవరికి ఇచ్చారో, ఏ ఊరు ఇచ్చారో చెప్తూనే ఉంది. మరి ఆ ఊళ్ళో పొలం దున్నినవాడి పేరు ఏ రేకు మీద ఉంది? తోలు ఊనినవాడి పేరు, పశువుల కళేబరాలు మోసినవాడి పేరు ఎక్కడ ఉంది?

భూమి దక్కినవాడికి రాగిరేకు దక్కింది. పని చేసినవాడికి నోటిమాట దక్కింది. "మన వాడే", "ఇంటి మనిషే", "చూసుకుంటాంలే." నోటిమాట మీద బతికేవాడు ఎప్పటికీ ఇచ్చేవాడి దయ మీదే ఉండాలి. ఇవాళ కాంట్రాక్టు కూలీకి నియామక పత్రం ఇవ్వకపోవడం, జీతం చీటీ ఇవ్వకపోవడం, నంబరు చెప్పకపోవడం కొత్తగా పుట్టిన కార్పొరేట్ తెలివి కాదు. ఆ పాత నోటిమాటకే కొత్త చొక్కా తొడిగారు. మిల్లు గేటు లోపల కులం లేదనేవాళ్ళు ఒకసారి చూడండి: పర్మనెంటు రోల్స్‌లో ఏ ఇంటిపేర్లున్నాయి, కాంట్రాక్టరు నోటుబుక్కులో ఏ ఇంటిపేర్లున్నాయి?

ఈఎస్‌ఐ మనకి ఎవరో దానంగా ఇచ్చింది కాదు. 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఆ కాలంలోనే, 1943లో, ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య బీమాకి పథకం తయారుచేసే పని బి.పి. అదార్కర్‌కి అప్పగించారు. 1944లో నివేదిక వచ్చింది. దాని పునాది మీదే 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో, ఢిల్లీలో మొదలైంది. మనం ఆయన రాజ్యాంగం గురించి మాట్లాడినంతగా ఈ నాలుగేళ్ళ పని గురించి మాట్లాడం. మన వాడలో రోజుకూలీకి రోజూ పనికొచ్చేది అదే.

సరే, మేం ఏం చేశామో చెప్తాను. ఎవరికైనా పనికొస్తుందనే ఇదంతా రాస్తున్నాను.

మొదటిది, నోటితో అడగడం మానేశాం. నేను ఒక పేజీ రాశాను. తేదీ, షిఫ్టు, ఎక్కడ, ఏ మిషన్, ఎవరు చూశారు, ఏ కాగితాలు కావాలి. కోపం లేదు, బతిమాలడం లేదు. ఒక కాపీ మిల్లుకి, ఒక కాపీ కాంట్రాక్టరుకి రిజిస్టరు పోస్టులో పంపాం. ఇప్పుడైతే స్పీడ్ పోస్టులో పంపండి. ఇద్దరికీ ఎందుకంటే, ఈఎస్‌ఐ చట్టంలో అసలు యజమాని అని ఒక మాట ఉంది. కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న మనిషికి కూడా వాటా ముందు కట్టాల్సింది అసలు యజమానే. తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. 'మా రోల్స్‌లో లేడు' అనేది జవాబు కాదని అప్పుడు తెలిసింది. మిల్లు వాళ్ళు ఆ కవరు తీసుకున్నారు. కాంట్రాక్టరుది వెనక్కి వచ్చింది. వెనక్కి వచ్చిన కవరుని తెరవకుండా అలాగే దాచాం. అది కూడా సాక్ష్యమే.

రెండోది, వాళ్ళ దగ్గర లేని మన కాగితాలు ఏమున్నాయో వెతికాం. పిన్ని ట్రంకుపెట్టెలోంచి బ్యాంకు పాసుబుక్కు తీసింది. ప్రమాదానికి ముందు 14 నెలలు, నెలనెలా కాంట్రాక్టరు ఖాతా నుంచి పడిన డబ్బు వరసగా కనిపించింది. పాసుబుక్కు ప్రింటు వేయించమని పిన్ని ప్రతి రెండు నెలలకీ బ్యాంకులో లైన్లో నిలబడేది. ఎందుకమ్మా అంటే, "ఉండనీలే, ఎప్పుడన్నా పనికొస్తది" అనేది. మా ఇంట్లో మొదటి రికార్డు రూం ఆ ట్రంకుపెట్టె.

మూడోది, యజమానిని దాటి వెళ్ళాం. ప్రమాదం గురించి యజమానే రిపోర్టు ఇవ్వాలి. అంగవైకల్యం వచ్చేంత గాయమైతే వెంటనే, లేకపోతే 24 గంటల్లో. అది ఫారం 12. ఆయన ఇవ్వకపోతే మన పని ఆగిపోవాలా? అక్కర్లేదు. దెబ్బ తగిలిన మనిషి, లేదా ఆయన తరఫున ఎవరైనా, తామే నోటీసు ఇవ్వొచ్చు. బాబాయి ఎడమచేత్తో సంతకం నేర్చుకుంటున్న రోజులవి. ఆ వంకర సంతకంతోనే బ్రాంచి ఆఫీసులో నోటీసు ఇచ్చి, మా కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. అక్కడి గుమస్తా మర్యాదగా మాట్లాడాడు. "నంబరు ఉంటే ఇప్పుడే చూసి చెప్తాను. లేదంటే రాసి అడగండి, రాసిన జవాబే వస్తుంది" అన్నాడు.

నాలుగోది, ఆ మాట పట్టుకుని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. ఈఎస్‌ఐ కార్పొరేషన్ ప్రభుత్వ సంస్థ. పది రూపాయల పోస్టల్ ఆర్డరు, ముప్పై రోజుల గడువు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత కమిషన్. ప్రైవేటు మిల్లుని ఆర్టీఐలో అడగలేం అని చాలామంది అనుకుంటారు. నేరుగా అడగలేం, నిజమే. కానీ ఏదైనా చట్టం కింద ప్రభుత్వ సంస్థ ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగలిగిన సమాచారం కూడా ఆ చట్టం దృష్టిలో సమాచారమే. మిల్లు ఈఎస్‌ఐకి కట్టిన లెక్క ఈఎస్‌ఐ దగ్గర ఉంటుంది. ప్రమాదాల రిపోర్టు ఫ్యాక్టరీల శాఖ దగ్గర ఉండాలి. దరఖాస్తు బాబాయి పేరుతోనే పెట్టాం. తన లెక్క తను అడుగుతున్నాడు కాబట్టి, వేరేవాళ్ళ వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపే వీలు ఉండదు.

నెల లోపే జవాబు వచ్చింది. బాబాయికి నంబరు ఉంది. రిజిస్టరు చేసిన తేదీ చూడండి: ప్రమాదం జరిగిన మర్నాడు. పనిలో చేరిన తేదీ కూడా అదే వేశారు. అంటే మూడు వేళ్ళు పోయి ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషి ఆ రోజే కొత్తగా పనిలో చేరాడన్నమాట!

నేను ఆ కాగితం రెండుసార్లు చదివి వినిపించాను. బాబాయి ఏమీ అనలేదు. పిన్ని మాత్రం పాసుబుక్కు తెచ్చి దాని పక్కన పెట్టింది. ఒకపక్క 14 నెలల జీతం. ఇంకోపక్క మొదటిరోజు. ఇంకేం వాదించాలి?

యజమాని వాటా కట్టకపోయినా, నమోదు చేయకపోయినా కార్మికుడి హక్కు పోదు. పనిలో దెబ్బ తగిలితే ఇన్ని నెలలు కట్టి ఉండాలనే షరతు లేదు. చేరిన మొదటిరోజు దెబ్బ తగిలినా హక్కు ఉంటుంది. కార్పొరేషన్ కార్మికుడికి ఇచ్చి, యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. వాటా కట్టారా లేదా అన్నదాన్ని బట్టి కార్మికుడి బీమా మారదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇదంతా చట్టంలో ఉంది. చట్టంలో ఉన్న సంగతి మా వాడలో ఒక్కరికీ తెలియదు. డాక్టరేటు చేసిన నాకూ తెలియదు.

తెలియజేయాల్సిన బాధ్యత ఎవరిది? ఈఎస్‌ఐ వర్తించని చోట పనిచేసేవాళ్ళకి 1923 నాటి నష్టపరిహార చట్టం ఉండేది. 2017లో దానికి ఒక సవరణ చేశారు. పనిలో పెట్టుకునేటప్పుడే, పరిహారం హక్కు గురించి యజమాని రాతపూర్వకంగా చెప్పాలి. కార్మికుడికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ, ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ. చెప్పకపోతే 50 వేల నుంచి లక్ష దాకా జరిమానా ఉండేది. మన దగ్గర ఆ భాష తెలుగు. తెలుగు భాష చచ్చిపోతోందని సభలు పెట్టే పెద్దలకి నాదొక విన్నపం. మిల్లు గేటు లోపల ఈ ఒక్క కాగితం తెలుగులో ఇప్పించండి. భాషకి అంతకన్నా పెద్ద సేవ ఉండదు.

ఇక్కడి దాకా చదివి గెలిచాం అనుకుంటారు. 2023లో మెడికల్ బోర్డు 30 శాతం ఇచ్చింది. డబ్బు వస్తోంది. అవును. కానీ సగం కథ దాచి రాస్తే ఆ మిల్లువాళ్ళకీ నాకూ తేడా ఉండదు.

మేం రిజిస్టరు పోస్టు పంపే ముందురోజు రాత్రి బాబాయి నన్ను ఆపాడు. "వద్దమ్మా. తమ్ముడు కూడా అక్కడే చేస్తన్నాడు. నా వేళ్ళు ఎట్టాగూ రావు. వాడి పని పోద్ది." నేను వినలేదు. చట్టం ఉందన్నాను. ప్రమాద భత్యం తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి పనిలోంచి తీసేయకూడదని చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ ఆ రక్షణ దెబ్బ తగిలిన మనిషికే. ఆయన కొడుక్కి కాదు. ఆర్టీఐ జవాబు వచ్చిన పదిహేను రోజుల్లో తమ్ముణ్ణి రేపట్నుంచి రావద్దన్నారు. కారణం చెప్పలేదు. కాగితం ఇవ్వలేదు. వాడికీ నియామక పత్రం లేదు కదా, తీసేసినట్టు పత్రం ఎందుకుంటుంది? తమ్ముడు ఇప్పుడు హైదరాబాదులో బండి మీద పార్సిళ్ళు ఇస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడు నాతో బాగానే మాట్లాడతాడు. పిన్ని మాత్రం కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆమెది తప్పని నేను అనలేను.

నెలనెలా జీతం పడే నేను, నెలనెలా భయపడే ఇంటి తరఫున ధైర్యం చేశాను. ఆ ధైర్యం ఖరీదు వాళ్ళు కట్టారు. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికే చాలా కాలం పట్టింది.

అలాగని అడగకుండా ఉండాల్సిందా? అది కూడా కాదు. నేను ఎక్కడ తప్పు చేశానో చెప్తాను. ఒక్క ఇంటి తరఫున అడిగాను. ప్రమాదం జరిగిన తర్వాత అడిగాను. ఒక్క ఇల్లు అడిగితే ఆ ఇల్లు ఎక్కడుందో యజమానికి వెంటనే తెలుస్తుంది. ఆ మిల్లులో మా వాడవాళ్ళే ముప్పైమందికి పైగా ఉన్నారు. ముప్పైమందీ ఒకే రోజు ఒకే కాగితం మీద 'మా ఈఎస్‌ఐ నంబర్లు చెప్పండి' అని సంతకాలు పెట్టి ఉంటే, ఏ తమ్ముణ్ణి తీసేస్తారు? కాగితం అడిగే హక్కు చట్టం ఇచ్చింది. అడిగినవాడికి అండ మాత్రం సంఘమే ఇవ్వాలి.

ఇది ఇక్కడి సంగతే అనుకోకండి. నా పాత విద్యార్థి ఒకతను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. వెన్నుకి దెబ్బ తగిలి ఆరునెలలు కూర్చోలేకపోయాడు. కంపెనీ ఇచ్చిన అంగవైకల్య బీమా ఉంది. పథకం పత్రం అడిగితే రంగుల బ్రోచరు పంపారట. అక్కడ 1974 నాటి చట్టం ఒకటి ఉంది. ఎరిసా అంటారు. పథకం నిర్వాహకుడిని రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో పథకం పత్రం, దాని సారాంశం ఇవ్వాలి. ఇవ్వకపోతే కోర్టు రోజుకి 110 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలుకి 180 రోజులు ఉంటాయి, తన ఫైలంతా ఉచితంగా అడిగి తీసుకోవచ్చు. అతను అడిగినవన్నీ ఈమెయిల్లో మర్యాదగా, మాటల మధ్యలో అడిగినవే. తేదీ వేసి, పత్రాల పేర్లు రాసి, నిర్వాహకుడికి ఉత్తరం పంపాక పత్రం వచ్చింది. అక్కడ డాలర్లు, ఇక్కడ రూపాయలు. కాగితం ఎవరి బీరువాలో ఉందో వాడిదే పైచేయి కావడం రెండు చోట్లా ఒకటే.

తేడా ఒకటుంది. అతనికి ఇంగ్లీషు వచ్చు, ఉత్తరం రాయడం వచ్చు. మా బాబాయికి ఆ ఉత్తరం రాయడానికి ఇంట్లో ఒకరు పీహెచ్‌డీ చేయాల్సి వచ్చింది. వాడకి ఒక పీహెచ్‌డీ ఉంటే తప్ప అందని హక్కుని హక్కు అనొచ్చా?

డ్రైనేజీలో దిగే మనవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు, మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 30 లక్షలు ఇవ్వాలంది. శాశ్వత అంగవైకల్యం వచ్చి బతుకుతెరువు పోయినవాళ్ళకి 20 లక్షలకి తగ్గకూడదంది. తీర్పు వచ్చింది. కానీ ప్రమాదం జరగ్గానే కాంట్రాక్టరు అనే మొదటి మాట ఏమిటి? "వాడు మా మనిషి కాదు." మన మనిషేనని చూపించే ఒక్క కాగితం లేకపోతే ఆ 20 లక్షలు గాల్లో మాటే.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. ధర్నా చేయడం మనకి వచ్చు. ఫైలు కట్టడం మనకి చిన్న పని అనిపిస్తుంది. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ సమక్షంలో మనుస్మృతిని తగలబెట్టిన సంగతి ప్రతి ఏడూ గుర్తు చేసుకుంటాం. అదే నెలలో, అదే ఊరి చెరువు మీద ఆయన మీద కోర్టులో దావా నడుస్తోంది. చెరువు తమ సొంతమని అవతలివాళ్ళ వాదన. ఆయన దాదాపు పదేళ్ళు ఆ కేసు పోరాడారు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో గెలిచారు. తగలబెట్టాల్సిన కాగితం ఏదో, పట్టుకుని పోరాడాల్సిన కాగితం ఏదో ఆయనకి తెలుసు. మనం మొదటిది మాత్రమే నేర్చుకున్నాం.

చట్టాలు మారుతున్నాయి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈఎస్‌ఐ, 1923 చట్టం, పీఎఫ్ లాంటి తొమ్మిది చట్టాలు సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. ఆ కోడ్‌ల మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి. ఇంకో భాగంలో రాస్తాను. కానీ వృత్తి భద్రత కోడ్‌లో ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలి. ఫారాల నంబర్లు మారొచ్చు. అడిగే పద్ధతి మారదు.

అందుకే విద్యార్థులకి ఒక పని చెప్తున్నాను. వచ్చే ఆదివారం మీ వాడకి వెళ్ళండి. చర్చి అయ్యాక, లేదా అంబేడ్కర్ బొమ్మ దగ్గర, ఒక బల్ల వేసుకుని కూర్చోండి. ఒక నోటుబుక్కు, ఒక ఫోను చాలు. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఐదు అడగండి. ఎక్కడ పని? కాంట్రాక్టరు ఎవరు, ఆ పైన అసలు యజమాని ఎవరు? ఈఎస్‌ఐ నంబరు తెలుసా? పీఎఫ్ యూఏఎన్ తెలుసా? జీతం చేతికిస్తున్నారా, బ్యాంకులో వేస్తున్నారా? పాసుబుక్కు ఫొటో తీయండి. గేటు పాసు ఉంటే ఫొటో తీయండి. ఫోన్లో సూపర్‌వైజరు 'రేపు రాత్రి షిఫ్టుకి రా' అని పెట్టిన మెసేజిని కూడా దాచమనండి. నంబరు తెలియనివాళ్ళందరి పేర్లూ ఒకే కాగితం మీద రాసి, అందరి సంతకాలతో, ఒకే రోజు పంపండి. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయొద్దని ప్రతి ముసలమ్మకీ చెప్పండి.

ప్రమాదం జరగకముందే అడగండి. అప్పుడది గొడవలా కనిపించదు. అందరూ అడిగే మామూలు ప్రశ్నలా కనిపిస్తుంది.

మొన్న ఊరెళ్ళినప్పుడు బాబాయి వాకిట్లో కూర్చుని ఏదో రాస్తున్నాడు. ఎడమచేత్తో ఇప్పుడు బాగానే రాస్తున్నాడు. ఏంటి బాబాయ్ అని చూశాను. పక్కింటి కుర్రాడు కొత్తగా ఒక కోల్డ్ స్టోరేజీలో చేరాడట. వాడి పేరు, వాళ్ళ నాన్న పేరు, చేరిన తేదీ, కాంట్రాక్టరు పేరు రాసి పెడుతున్నాడు.

"నంబరు అడిగావంట్రా?" అన్నాడు ఆ కుర్రాడితో.

"ఇంకా లేదు మావా."

"ఒక్కడివే అడగమాక. ఇంకా ఎంతమంది చేరారో చెప్పు, అందర్నీ రాద్దాం."

పిన్ని లోపల్నుంచి వింటోంది. ఏమీ అనలేదు. కాసేపటికి మా ముగ్గురికీ టీ తెచ్చి ఇచ్చింది.

వచ్చే భాగంలో పీఎఫ్ గురించి.

జై భీమ్.